ఉద్యోగానుభవం లేని మన పిల్లలు – బిజినెస్ స్కూలు దరఖాస్తు

గత ఫిబ్రవరిలో మన సొసైటీ స్కాలర్‌షిప్‌తో చదువుతున్న ఒక బి.కాం. ఫైనలియర్ అబ్బాయి ఎం.బి.ఏ. ఇంటర్వ్యూకు వెళ్లాడు. క్యాట్‌లో మంచి పర్సంటైల్ వచ్చింది. పదో తరగతి, ఇంటర్ మార్కులు కూడా బాగున్నాయి. రైలు టికెట్టు, ఒక జత బట్టలు, బూట్లు విద్యా కమిటీ తరఫున కొనిపెట్టాం. సీటు వచ్చేసినట్టేనని మాలో కొందరం అనుకున్నాం కూడా.

ఇంటర్వ్యూలో అతన్ని అడిగిన ప్రశ్నల్లో ఒకటి ఇది: "మీ క్లాసులో చాలామంది రెండు మూడేళ్లు ఉద్యోగం చేసి వచ్చినవాళ్లు ఉంటారు. నువ్వు ఇంకా కాలేజీ దాటలేదు. వాళ్లు నీ దగ్గర నేర్చుకునేది ఏముంది?" మనవాడు కాసేపు ఆలోచించి, "బాగా కష్టపడి చదువుతాను సార్" అన్నాడు. సీటు రాలేదు.

రిజల్టు వచ్చిన వారానికి అబ్బాయి, వాళ్ల మామూ కలిసి ఆఫీసుకు వచ్చారు. మామూకు గుంటూరు మిర్చి యార్డులో చిన్న కమీషన్ కొట్టు ఉంది. చాయ్ తాగుతూ ఆయన అన్న మాట మమ్మల్ని చాలా రోజులు వెంటాడింది. "సీటు రాకపోతే నాకు ఒక విధంగా మంచిదే సాబ్. వీడు లేకపోతే నా కొట్టు లెక్కలు తేలవు" అన్నారు. అప్పుడు అడిగితే తెలిసింది. ఇంటర్ రెండో ఏడాది నుంచి ప్రతి సీజన్‌లో తెల్లవారుజామునే యార్డుకు వెళ్లి టిక్కీల లెక్క, తక్‌పట్టీలు, రైతుల చెల్లింపులు చూసేది ఈ కుర్రాడే. సరుకు కొన్న వ్యాపారుల బాకీలన్నీ ఒకే పుస్తకంలో తేదీల వారీగా రాసి ఉండేవట. ఏ పార్టీ ఎన్నాళ్లుగా ఇవ్వడం లేదో ఎవరికీ కనిపించేది కాదు. ఇతను ఒక్కో పార్టీకి ఒక్కో పేజీ పెట్టాడు. రెండు నెలలు దాటినా డబ్బు పంపని ముగ్గురు బయటపడ్డారు. వాళ్లకు అరువు ఆపించాడు. మామూతో దీని మీద గొడవ కూడా పడ్డాడు. అప్పటికి అతని వయసు పద్దెనిమిది.

ఇంటర్వ్యూకు ముందు నింపిన ఫారంలో దీని గురించి ఒక్క అక్షరం లేదు. "హాబీలు: క్రికెట్, పుస్తకాలు చదవడం" అని ఉంది. ఆ ఫారం మేమే చూసి, స్పెల్లింగులు దిద్ది పంపాం. తప్పు అబ్బాయిది కాదు, మాది.

ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. మన సొసైటీ దాతలు ఏటా ఫీజులకు ఇస్తున్నారు. కానీ చిన్న వయసు అభ్యర్థికి ఫీజు కంటే ముందు కావలసినవి కొన్ని ఉన్నాయి. వాటిలో చాలావరకు మీ దగ్గర డబ్బు రూపంలో కాక వేరే రూపంలో ఉన్నాయి.

మొదట, వాళ్లు అనుభవం గురించి అంతగా ఎందుకు అడుగుతారో చూద్దాం. బిజినెస్ స్కూలు క్లాసు మన డిగ్రీ కాలేజీ క్లాసులా నడవదు. హార్వర్డ్ బిజినెస్ స్కూలులో పాఠం ఎక్కువగా 'కేసు' పద్ధతిలో సాగుతుంది. నిజంగా ఒక కంపెనీకి వచ్చిన చిక్కును పది పదిహేను పేజీల్లో రాసి ఇస్తారు. తొంభై మంది దాకా ఉన్న క్లాసులో, నువ్వైతే ఏం చేస్తావని అడుగుతారు. అహ్మదాబాద్ ఐఐఎం 1961లో మొదలైనప్పుడు హార్వర్డ్ సహకారంతో ఆ పద్ధతినే ఇక్కడికి తెచ్చుకుంది. అక్కడ ప్రొఫెసరు ఒక్కడే పాఠం చెప్పడు, విద్యార్థులు ఒకరికొకరు చెప్పుకుంటారు. ఫ్యాక్టరీలో పనిచేసినవాడు ఫ్యాక్టరీ సంగతి, బ్యాంకులో చేసినవాడు బ్యాంకు సంగతి చెబుతాడు. ఏదీ చేయనివాడు వింటూ కూర్చుంటే మిగతావాళ్లకు నష్టం. పైన చెప్పిన ప్రశ్న అవమానించడానికి అడిగింది కాదు. నిజంగా వాళ్లకు తెలియాల్సిన విషయమే.

అయితే అనుభవం ఎంత కావాలన్నది చోటును బట్టి మారుతుంది. మన తల్లిదండ్రులు ఎక్కువగా గందరగోళపడేది ఇక్కడే. అమెరికాలోని పెద్ద బిజినెస్ స్కూళ్లలో చేరేవారి సగటు వయసు 27, 28 ఉంటుంది. ఐదేళ్ల దగ్గర ఉద్యోగం చేసి ఉంటారు. 2001లో హైదరాబాద్ గచ్చిబౌలిలో మొదలైన ఐఎస్‌బీ కూడా తన ఏడాది కోర్సుకు కనీసం రెండేళ్ల అనుభవం అడుగుతుంది. ఐఐఎంల రెండేళ్ల కోర్సుకు మాత్రం అలాంటి షరతు లేదు. డిగ్రీలో 50 శాతం మార్కులుంటే చాలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45 శాతం. ఫైనలియర్‌లో ఉండగానే క్యాట్ రాయవచ్చు. కానీ షరతు లేదంటే లెక్కలోకి రాదని కాదు. ఎంపికలో ఉద్యోగానుభవానికి కొన్ని మార్కులు కేటాయించే ఐఐఎంలు ఉన్నాయి. బెంగళూరు ఐఐఎంలో ఈ మార్కు 36 నెలల దాకా పెరుగుతూ పోతుంది, ఆ తర్వాత పెరగదు. కాలేజీ నుంచి నేరుగా వెళ్లే పిల్లవాడు ఆ మేరకు వెనకబడి మొదలుపెడతాడు. ఆ లోటును క్యాట్ స్కోరుతో, పాత మార్కులతో, ఇంటర్వ్యూతో పూడ్చుకోవాలి.

పాత మార్కుల విషయం చేదుగానే చెప్పాలి. పదిలో, ఇంటర్‌లో వచ్చిన మార్కులు కూడా ఎంపికలో లెక్కకు వస్తాయి. అవి మారవు. పదో తరగతిలో తక్కువ మార్కులు వచ్చిన అభ్యర్థికి "క్యాట్‌లో 99 తెచ్చుకుంటే అన్నీ మర్చిపోతారు" అని చెప్పడం మోసం. కోచింగ్ సెంటర్ల కరపత్రాలు అలాగే చెబుతాయి, అది వాళ్ల వ్యాపారం. ప్రతి ఐఐఎం తన ఎంపిక విధానాన్ని ముందే ప్రకటిస్తుంది. దేనికి ఎన్ని మార్కులో ఆ పత్రాలు ఆగస్టులోనే చదివి, ఈ పిల్లవాడి మార్కులకు ఏ సంస్థ సరిపోతుందో కాగితం మీద లెక్క వేయాలి. ఈ పని పిల్లవాడు ఒక్కడే చేయలేడు. లెక్కలు తెలిసిన పెద్దవాళ్లు ఒక సాయంత్రం పక్కన కూర్చుంటే అయిపోతుంది.

చిన్నవాళ్లకు ఉన్న దారులు మన ఇళ్లలో చాలామందికి తెలియవు కాబట్టి క్లుప్తంగా చెబుతాం. ఇంటర్ అయిన వెంటనే ఐదేళ్ల ఐపీఎం కోర్సు ఉంది. ఇందోర్ ఐఐఎం 2011లో మొదలుపెట్టింది, తర్వాత రోహ్‌తక్ వంటి మరికొన్ని ఐఐఎంలు పెట్టాయి. డిగ్రీ చివరి ఏడాదిలో రాసేది క్యాట్, సాధారణంగా నవంబరు చివరి ఆదివారం జరుగుతుంది. జనవరిలో జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ వగైరాలకు గ్జాట్ ఉంటుంది. మన రాష్ట్రంలోని కాలేజీలకు ఐసెట్ ఉంది. విశాఖపట్నంలో 2015 నుంచి ఐఐఎం నడుస్తోందన్న సంగతి మన జిల్లాలోనే చాలామందికి తెలియకపోవడం ఆశ్చర్యం.

ఇక విదేశాల విషయానికి వస్తే, "ముందు సీటు, తర్వాత ఉద్యోగం, ఆ తర్వాత చదువు" అనే పద్ధతి ఒకటి ఉంది. హార్వర్డ్ దీన్ని టూ ప్లస్ టూ అంటుంది. డిగ్రీ చివరి ఏడాదిలో దరఖాస్తు చేయాలి. సీటు ఇచ్చి, రెండు నుంచి నాలుగేళ్లు ఉద్యోగం చేసి రమ్మంటారు. స్టాన్‌ఫర్డ్, వార్టన్, ఎం.ఐ.టి., కొలంబియా, షికాగో కూడా వేర్వేరు పేర్లతో ఇలాంటివి నడుపుతున్నాయి. యేల్‌లో సిల్వర్ స్కాలర్స్ అనేది మరో రకం, డిగ్రీ తర్వాత నేరుగా తీసుకుంటారు. ఐఎస్‌బీ కూడా కాలేజీ విద్యార్థుల కోసం యంగ్ లీడర్స్ ప్రోగ్రాం పెట్టింది. ఈ నిబంధనలు ఏడాదికేడాది మారుతుంటాయి. పోయినేడు వెళ్లిన కజిన్ చెప్పినదాని మీద ఆధారపడకుండా ఆ ఏడాది ప్రకటనే చదవాలి.

వీటిలో మన పిల్లలకు ఎక్కువ పనికొచ్చే చిన్న ఉపాయం ఒకటుంది. జీమ్యాట్, జీఆర్‌ఈ స్కోర్లు ఐదేళ్లు చెల్లుతాయి. కాలేజీలో ఉండగా చదివే అలవాటు, టైము రెండూ ఉంటాయి. ఉద్యోగంలో చేరి, రాత్రి షిఫ్టులు చేస్తూ లెక్కలు మళ్లీ నేర్చుకోవడం ఎంత కష్టమో చేసినవాళ్లకు తెలుసు. అందుకని చివరి ఏడాదిలో పరీక్ష రాసి పెట్టుకుని, రెండు మూడేళ్ల తర్వాత దరఖాస్తు చేయవచ్చు. ఇప్పటి జీమ్యాట్ రెండుంబావు గంటల పరీక్ష, ఒక్కోటి 45 నిమిషాల చొప్పున మూడు భాగాలు. క్యాట్‌కు మాత్రం ఈ సౌకర్యం లేదు, ఆ స్కోరు ఆ ఏడాది అడ్మిషన్లకే.

ఇప్పుడు అసలు విషయం. వయసు పెంచలేం, లేని ఉద్యోగం తేలేం. మరి దరఖాస్తులో ఏం పెట్టాలి?

ఇక్కడ ఒక ముచ్చట దాచకుండా చెప్పాలి. గత రెండేళ్లలో మా దగ్గరకు వచ్చిన తల్లిదండ్రుల్లో కొందరు ఇలా అడిగారు: "భాయ్, మన దాతల్లో ఎవరికైనా కంపెనీ ఉంటే ఒక ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇప్పించండి. లెటర్‌హెడ్ మీద రెండు లైన్లు చాలు." అడిగినవాళ్లు చెడ్డవాళ్లు కాదు, పిల్లల మీద ప్రేమతో అడిగారు. మీలో కొందరిని నేరుగా కూడా అడిగారని విన్నాం. దయచేసి ఇవ్వకండి. అది అబద్ధం అన్నది మొదటి కారణం, దాని గురించి ఈ సంచిక చదివేవారికి వేరే చెప్పనక్కరలేదు. రెండోది, సీటు వచ్చాక కూడా సర్టిఫికెట్లు పరిశీలిస్తారు. జీతం బ్యాంకులో పడిన ఆధారం అడుగుతారు. దొరికితే సీటు పోతుంది. మూడోది, ఆ పిల్లవాడికి ఆ అబద్ధం అవసరమే లేదు.

ఇంకో జాగ్రత్త కూడా. డిగ్రీ పూర్తయ్యాక చేసిన పూర్తికాలపు ఉద్యోగాన్నే ఐఐఎంలు అనుభవంగా లెక్కిస్తాయి. కాబట్టి మిర్చి యార్డులో పని ఎంత గొప్పదైనా ఆ గడిలో రాయకూడదు. దాని స్థానం వేరు. చదువు కాక ఇంకేం చేశారు, ఏ బాధ్యత తీసుకున్నారు, మీ గురించి చెప్పండి అనే చోట్ల రావాలి. ఇంటర్వ్యూలో నోటితో రావాలి. విదేశీ స్కూళ్ల వ్యాసాల్లో అయితే దానికి ఇంకా ఎక్కువ చోటు ఉంటుంది. కుటుంబ వ్యాపారంలో చేసిన పనిని వాళ్లు ఆసక్తిగా చదువుతారు.

రాసే పద్ధతి మీద మేము ఇప్పుడు కూర్చుని పనిచేస్తున్నాం. మన పిల్లలు రెండు రకాలుగా రాస్తారు. ఒకటి, అసలు రాయరు. "ఇంటి పనే కదా అంకుల్, దాన్ని కూడా రాస్తారా?" అంటారు. రెండోది, ఎక్కడో చూసిన పెద్ద మాటలు దించుతారు. 'నాయకత్వ లక్షణాలు', 'బృంద స్ఫూర్తి' అని. చదివేవాళ్లకు అవి లక్ష ఫారాల్లో కనిపిస్తాయి. రాయాల్సింది ఏం జరిగిందో, తను ఏం చేశాడో, తర్వాత ఏం మారిందో. అంకెలు ఉంటే అంకెలు.

మా అబ్బాయి చేత ఒక సాయంత్రం మళ్లీ రాయించాం. మొదటిసారి "మామూ కొట్టులో సాయం చేశాను" అని రాశాడు. ఎవరికి సాయం, ఏం సాయం అని అడిగాం. నాలుగోసారికి ఇలా తేలింది: "నాలుగు సీజన్లుగా మిర్చి కమీషన్ కొట్టులో కొనుగోలుదారుల బాకీల పుస్తకం చూస్తున్నాను. తేదీల వారీ లెక్కను పార్టీల వారీగా మార్చాను. అరవై రోజులు దాటిన మూడు బాకీలు బయటపడ్డాయి. రెండు వసూలయ్యాయి, ఒకటి ఇంకా రాలేదు." ఆఖరి మాట తీసేయమని ఒక కమిటీ సభ్యుడు అన్నారు. ఉంచమన్నాం. రాని బాకీ గురించి ఇంటర్వ్యూలో అడిగితే అతను గంటసేపు మాట్లాడగలడు. ఆ వ్యాపారి ఎందుకు ఇవ్వలేదు, మామూ ఎందుకు మొహమాటపడ్డాడు, రైతుకు మాత్రం కొట్టు సొంత డబ్బు ఎలా సర్దింది అన్నీ అతనికి తెలుసు. రెండేళ్లు ఏసీ గదిలో కంప్యూటరు ముందు కూర్చున్నవాడికి ఇది తెలియదు. క్లాసులో మిగతావాళ్లు అతని దగ్గర నేర్చుకునేది ఇదే.

ఇలాంటివి మన పేటలో ఇంటింటికీ ఉన్నాయి. రంజాన్‌లో మన సొసైటీ రేషన్ కిట్లు ఎవరు పంచుతున్నారు? డిగ్రీ పిల్లలే. జాబితా తయారు చేసేదీ, ఒకే ఇంటికి రెండుసార్లు వెళ్లకుండా చూసేదీ వాళ్లే. కిట్టు రానివాళ్లు గొడవకు వస్తే సర్దిచెప్పేదీ వాళ్లే. సరుకు కొనుగోలు, రవాణా, జాబితా, ఫిర్యాదులు, ఇది ఎం.బి.ఏ. సిలబస్ కాక ఇంకేమిటి? టైలరింగ్ చేసే అమ్మీకి ఆర్డర్లు, బట్ట కొలతలు, పండగ ముందు డెలివరీ తేదీలు చూసే కూతురు ఉంది. ఇంట్లో పాతికమంది పిల్లలకు ట్యూషన్ చెబుతూ తన డిగ్రీ ఫీజు తనే కట్టుకున్న అమ్మాయి ఉంది. అజీమ్ ప్రేమ్‌జీ 1966లో తండ్రి చనిపోతే స్టాన్‌ఫర్డ్ చదువు మధ్యలో వదిలేసి వచ్చి నూనెల కంపెనీ బాధ్యత తీసుకున్నారు. అప్పటికి ఆయన వయసు 21. మన పిల్లలందరూ ప్రేమ్‌జీలు అవుతారని కాదు. ఇరవై ఒక్క ఏళ్లకు బాధ్యత రావడం మన ఇళ్లలో వింత కాదని మాత్రమే.

అన్ని పనులూ ఒకేలా పనికిరావని కూడా చెప్పాలి. ఒక రోజు క్యాంపులో బ్యాడ్జీ పెట్టుకుని ఫొటో దిగినది, కాలేజీ ఫెస్టులో సర్టిఫికెట్, ఆన్‌లైన్‌లో రెండు గంటల కోర్సు – ఇవి పది పోగుచేసినా బరువు రాదు. ఒకే పని మూడేళ్లు చేసి, ఏడాదికేడాది బాధ్యత పెరిగిందని చూపగలిగితే వస్తుంది. అందుకే దరఖాస్తు పని ఫైనలియర్‌లో మొదలుపెడితే ఆలస్యం. డిగ్రీ మొదటి ఏడాదిలోనే పిల్లవాడికి ఒక పని అప్పగించాలి.

ఇంకొక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "ఇప్పుడే ఎందుకు? రెండేళ్లు ఉద్యోగం చేసి రావచ్చుగా?" దీనికి మన పిల్లల దగ్గర నిజమైన జవాబు ఉండాలి. "ఇంట్లో చదవమన్నారు" జవాబు కాదు. అమ్మాయిల విషయంలో అసలు కారణం చాలాసార్లు పెళ్లి. ఇప్పుడు చదవకపోతే తర్వాత పంపరని వాళ్లకు తెలుసు, పైకి చెప్పలేరు. ఒక అమ్మాయి మాత్రం మా మాక్ ఇంటర్వ్యూలో సూటిగా చెప్పింది. "రెండేళ్లు ఆగితే నా చేతిలో ఉండదు సార్. ఇప్పుడైతే అబ్బా ఒప్పుకున్నారు" అంది. ఇంటర్వ్యూలో అలా చెప్పవచ్చా అని మాలో మేమే వాదించుకున్నాం. చివరికి ఆ అమ్మాయి తన కారణం తోపాటు ప్లాను కూడా చెప్పేలా సిద్ధమైంది. చదివాక ఏ రంగంలోకి, ఎందుకు, దానికి ఈ కోర్సులో ఏం కావాలి అని. కారణం ఇంటిదైనా ప్లాను ఆమెది.

అన్ని దరఖాస్తులకూ మేము ఊ అనడం లేదు. ప్లాను లేని పిల్లలకు, ముందు ఉద్యోగం చెయ్యి బేటా, రెండేళ్ల తర్వాత రా అని చెప్పి పంపుతున్నాం. కొందరు తల్లిదండ్రులకు కోపం వచ్చింది. కానీ పాత ఐఐఎంలలో రెండేళ్ల ఖర్చు పాతిక లక్షల దరిదాపుల్లో ఉంటుంది. ఎందుకు చదువుతున్నాడో తెలియకుండా అంత భారం నెత్తిన పెట్టుకోకూడదు.

సిఫారసు లేఖల దగ్గర మా రెండో తప్పు. ఐఐఎంలు వీటిని అడగవు గానీ, ఐఎస్‌బీ, విదేశీ స్కూళ్లు అడుగుతాయి. హార్వర్డ్ టూ ప్లస్ టూకు రెండు కావాలి. ఒక ఏడాది ముగ్గురు పిల్లలకు మేమే రాసిచ్చాం. ఒకే లేఖ, పేరు మాత్రం మార్చి. "క్రమశిక్షణ గల విద్యార్థి, సత్ప్రవర్తన కలవాడు" అని. ఒకదాంట్లో 'కలవాడు' అని అమ్మాయికి కూడా వెళ్లిపోయింది. నవ్వుకునే విషయంలా ఉంది కానీ ఆ అమ్మాయి దరఖాస్తు వెనక రెండేళ్ల కష్టం ఉంది.

చిన్న వయసు అభ్యర్థికి ఈ లేఖ మరీ ముఖ్యం. ఎందుకంటే ఆఫీసులో పై అధికారి లేడు, అతని పని చూసినవాళ్లు తక్కువ. పెద్ద హోదా ఉన్నవారి లేఖ కావాలని అందరూ ఎమ్మెల్యే దగ్గరకో, వైస్ ఛాన్సలర్ దగ్గరకో పరుగెత్తుతారు. పిల్లవాడి మొహం కూడా గుర్తులేని పెద్దమనిషి లేఖ కంటే, అతని చేత పని చేయించుకున్న దుకాణదారు లేఖ వంద రెట్లు మేలు. లేఖలో ఒక్క సంఘటన చాలు. ఏ రోజు ఏ చిక్కు వచ్చింది, అబ్బాయి ఏం చేశాడు, ఎక్కడ తప్పు చేశాడు, చెబితే ఎలా తీసుకున్నాడు. తప్పు గురించి రాస్తే నష్టమని భయపడకండి. ఆ ప్రశ్న వాళ్ల ఫారంలోనే ఉంటుంది. ఇంగ్లీషులో రాయడం రాదంటే మీరు ఉర్దూలోనో తెలుగులోనో చెప్పండి, మేము ఇంగ్లీషులో పెట్టి మీకు చదివి వినిపిస్తాం. మాట మాత్రం మీదే ఉండాలి.

కాగితాల సంగతి త్వరగా ముగిస్తాం. మన రాష్ట్రంలో బీసీ–ఈ కింద వచ్చే 4 శాతం రిజర్వేషన్ రాష్ట్ర కాలేజీలకు సంబంధించినది. ఐఐఎంలకు కేంద్ర ఓబీసీ జాబితా లెక్క, అక్కడ 27 శాతం. రాష్ట్ర సర్టిఫికెట్ ఉందని అక్కడ ఓబీసీ గడిలో టిక్కు పెట్టి, తర్వాత పరిశీలనలో ఆగిపోయిన పిల్లలు ఉన్నారు. మీ శాఖ పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకుని, ఉంటే కేంద్ర నమూనాలో, క్రీమీలేయర్ కాదని రాసి ఉన్న సర్టిఫికెట్ తీసుకోవాలి. ఏ రిజర్వేషన్ జాబితాలోనూ లేని, ఏడాదికి 8 లక్షలలోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు ఈడబ్ల్యూఎస్ కింద 10 శాతం ఉంది. ఆస్తి షరతులు కూడా ఉంటాయి. ఆ సర్టిఫికెట్ ఏ ఆర్థిక సంవత్సరానిది కావాలో ప్రకటనలో చూసి తీయించాలి. ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగడానికి పిల్లవాడు క్యాట్ ముందు వారం రోజులు పోగొట్టుకోకుండా, మన వాలంటీర్లు జూలైలోనే ఈ పని మొదలుపెట్టించాలి.

డబ్బు అవసరం లేదని కాదు. క్యాట్ దరఖాస్తుకు 2024లో 2,500 రూపాయలు కట్టాల్సి వచ్చింది. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు సగం, మన పిల్లల్లో చాలామందికి పూర్తి ఫీజే. అది ఐఐఎంలన్నిటికీ కలిపి ఒక్కసారే, కానీ మిగతా సంస్థలు ఒక్కోటి విడిగా తీసుకుంటాయి. జీమ్యాట్ రుసుము డాలర్లలో, మన రూపాయల్లో ఇరవై వేలు దాటుతుంది. ఈ ఫీజుకు భయపడి ఒక్కసారి కూడా పూర్తి మాక్ టెస్టు రాయకుండా నేరుగా పరీక్షకు వెళ్లిన పిల్లలను చూశాం.

అసలు ఇబ్బంది సీటు వచ్చాక. సీటు ఖాయం చేసుకోవడానికి కొద్ది రోజుల గడువులో మొదటి విడత కట్టమంటారు. బ్యాంకు అప్పు ఆలోగా చేతికి రాదు. 2024 నవంబరులో కేంద్రం ప్రకటించిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపిక చేసిన సంస్థల్లో చేరేవారికి తాకట్టు, హామీదారు లేకుండా అప్పు ఇస్తారు. కానీ వడ్డీ విషయంలో మన కుటుంబాల సంకోచం మీకు తెలిసిందే, దాని మీద తీర్పు చెప్పడం మా పని కాదు. మేము కోరేది చిన్నది. ఆ మొదటి విడత మేరకు ఖర్జె హసన ఇచ్చే దాతలు నలుగురైదుగురు ఏప్రిల్, మే నెలల్లో అందుబాటులో ఉంటే, వచ్చిన సీటు గడువు దాటి పోదు. ఉద్యోగం వచ్చాక పిల్లలు తిరిగి కడతారు. రాసుకుందాం, సాక్షులను పెట్టుకుందాం.

ఇక డబ్బు కాకుండా అడిగేవి. మీ దుకాణంలో, ఆసుపత్రిలో, స్కూలులో, గోదాములో డిగ్రీ మొదటి ఏడాది పిల్లవాడికి ఒక పని అప్పగించండి. చాయ్ తేవడం, జిరాక్సులు తీయడం కాదు. తప్పు చేస్తే మీకు నష్టం వచ్చేంత పని అప్పగించండి. స్టాకు లెక్క కావచ్చు, పాత కస్టమర్లకు ఫోన్లు చేయడం కావచ్చు, ఒక నెల కరెంటు బిల్లు ఎందుకు పెరిగిందో తేల్చడం కావచ్చు. నెలకోసారి అరగంట కూర్చుని ఏం చేశావని అడగండి. మీలో ఉద్యోగాల్లో ఉన్నవారు, హైదరాబాద్‌లో, బెంగళూరులో, గల్ఫ్‌లో ఉన్నవారు జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఫోన్ మీద మాక్ ఇంటర్వ్యూలు చేయండి. మొహమాటపడకుండా ఎదురు ప్రశ్నలు వేయండి. మేము అడిగితే పిల్లలు ముందే జవాబు కనిపెట్టేస్తున్నారు, రోజూ చూసే మొహాలు కదా. కొత్త గొంతు కావాలి.

మిర్చి కొట్టు అబ్బాయి ఈ ఏడాది నవంబరులో మళ్లీ క్యాట్ రాస్తున్నాడు. ఈలోగా ఒక కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ ఉద్యోగంలో చేరాడు. జీతం బ్యాంకులో పడుతోంది, అనుభవం గడిలో ఈసారి నిజంగా రాసుకోవచ్చు. దానితోపాటు ఐఎస్‌బీకి కూడా ఎప్పుడో ఒకప్పుడు వేస్తానంటున్నాడు, లేఖ మామూ ఇస్తారట. అది విని మామూ మమ్మల్ని ఒకటే అడిగారు: "రాని బాకీ సంగతి కూడా రాయాలా సాబ్?"